నా ఫోను నుంచి ఆమె చెల్లింపులు

ఐదు నెలల పాటు నేను ఒక మనిషికి బ్యాంకుగా ఉన్నాను. మాదాపూర్‌లోని మా ఆఫీసులో అందరూ నన్ను అలాగే పిలిచి ఏడిపించేవారు. నాకూ ఆ పిలుపు నచ్చేది. మంచిదాన్ననిపించుకోవాలనే యావ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎవరైనా సాయం అడిగితే చేసేదాకా ఆగలేను, చేశాక నలుగురికీ తెలిసేదాకా అసలు ఆగలేను.

ఆమె కెన్యా నుంచి వచ్చింది. మా కంపెనీకి నైరోబీలో చిన్న ఆఫీసు ఉండేది, అక్కడి నుంచి ఏడాది పని మీద మా టీమ్‌కి పంపారు. మా ఇద్దరిదీ ఒకటే పని: సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్లేముందు అందులో తప్పులు వెతకడం. ఆ పనిలో ఆమె నాకంటే గట్టిది. ఇప్పుడు ఈ మాట రాయడానికి ఇబ్బంది లేదు కానీ అప్పట్లో లోలోపల పళ్లు కొరుక్కునేదాన్ని. ఏడాది చివర్లో మొదలయ్యే కొత్త ప్రాజెక్టుకి లీడ్‌గా వేస్తే ఆమె ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండొచ్చు. వేయకపోతే వెనక్కి వెళ్లాలి. నైరోబీ ఆఫీసు మూసేస్తున్నారనీ, వెనక్కి వెళ్తే తనకి ఉద్యోగం ఉండదనీ వచ్చిన రెండో వారమే నాతో చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

ఆమెకి ఇక్కడ బ్యాంకు ఖాతా తెరిపించే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ఆఫీసు వెనక వీధిలో ఉన్న ఒక బ్యాంకుకి తీసుకెళ్లాను. లోపల ఒక మూల మెత్తటి సోఫాలు, పక్కన కాఫీ మిషను, గోడ మీద మంచులో నిలబడి నవ్వుతున్న తెలుగు కుటుంబం బొమ్మ. పరాయి దేశంలో ఉంటున్న మనవాళ్ల కోసం పెట్టిన మూల అది. మేము అటు వెళ్లి కూర్చోబోతే గార్డు ఇటు కుర్చీలు చూపించాడు.

ఆఫీసరు పెద్దాయన, మర్యాదస్తుడే. కాగితాలన్నీ తిరగేసి తల గోక్కున్నాడు.

"మనోళ్లు అమెరికాల ఉన్నా, దుబాయ్‌ల ఉన్నా పది నిమిషాల పనమ్మా. అక్కడి సంపాదనకొక ఖాతా, ఇక్కడి కిరాయిలకొక ఖాతా, డాలర్లు డాలర్ల లెక్కనే ఉంచుకోవాలంటే ఇంకోటి. ఏది కావాలంటే అది. ఈ మేడమ్‌ది ఉల్టా కేసు. అక్కడి మనిషి ఇక్కడుంటున్నది. వీసా, పోలీసోళ్ల రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, కిరాయి అగ్రిమెంటు అన్నీ కావాలె. ఫికర్ చెయ్యకుండ్రి, అన్నీ పట్టుకొస్తే నేనే చేస్త."

అగ్రిమెంటు దగ్గరే మా బండి ఆగిపోయింది. ఆమె ఉండేది లేడీస్ హాస్టల్లో. ఓనరమ్మని అడిగితే, "హాస్టల్ల మంచానికి అగ్రిమెంటు ఏందమ్మా? ఇగ రేపు కరెంటు మీటరు గూడ ఆమె పేరు మీదనే పెట్టుమంటవా?" అంది. సరే, ఫ్లాటు చూద్దామని నిజాంపేటలో మా అపార్ట్‌మెంటు చుట్టుపక్కల అడిగాను. కొందరు ఆమెని చూడగానే ఖాళీ లేదన్నారు. ఇస్తామన్న ఒకాయన అడ్వాన్సు ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచే పంపాలన్నాడు. ఇల్లు లేక ఖాతా లేదు, ఖాతా లేక ఇల్లు లేదు.

జీతం ఆమె సొంత దేశంలోని ఖాతాలో పడేది. ఆ కార్డుతో ఇక్కడ ఏటీఎమ్‌లో నోట్లు తీసిన ప్రతిసారీ ఎంతో కొంత కోత. ఆ నోట్లు పట్టుకుని వెళ్తే టీ కొట్టువాడి నుంచి ఆటో అతని దాకా అందరూ చిల్లర లేదని, అట్ట మీద అంటించిన స్కానర్ వైపు వేలు చూపించేవారు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆమె కొట్టు దగ్గర నిలబడి ఆ స్కానర్ ఫొటో తీసి నాకు పంపుతుంది. నేను ఎక్కడున్నా అక్కడి నుంచి డబ్బు కొడతాను. సోమవారం ఆమె నాకు నోట్లు ఇచ్చేస్తుంది.

మొదటి రోజు ఆమెని కూర్చోబెట్టి, ఫోనుతో డబ్బు పంపడమంటే ఏమిటో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. ఓపిగ్గా అంతా విని, "మా అమ్మమ్మ పల్లెలో కూరగాయలు అమ్ముతుంది. నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచీ ఆమె ఫోన్లోనే డబ్బు తీసుకుంటోంది. ఇక్కడి ఫోను నన్ను గుర్తుపట్టడం లేదు, అంతే" అంది. చిన్నబుచ్చుకున్నాను, నవ్వేశాను. ఆఫ్రికా అనగానే నా బుర్రలో ఏ బొమ్మలున్నాయో ఆమెకి కనిపించిపోయినట్టు అనిపించింది.

అలా ఆమె రోజువారీ బతుకంతా నా ఫోన్లోకి వచ్చి చేరింది. అరటిపండ్లు నలభై రూపాయలు. మొక్కజొన్న పిండి. ఒకే రోజు రెండు ఐస్‌క్రీములు. కిరాణా కొట్టాయన నేనే ఆమెకి పెద్దదిక్కు అనుకుని నాకే ఫోన్ చేసేవాడు. "అక్కా, పైసలొచ్చినయ్, జర పిండి తీస్కపొమ్మని చెప్పు." నాకు అడగకుండానే అన్నీ తెలిసేవి. తెలియడంతో ఊరుకోలేదు, లెక్క కూడా కట్టేదాన్ని. ఈ వారం చెప్పులు కొన్నది, మొన్ననే కదా కొన్నది, అనుకునేదాన్ని. ఆమె డబ్బుతో ఆమె కొనుక్కుంటే నాకెందుకు? అయినా అనుకునేదాన్ని.

మూడో నెలలో ఒక శనివారం పొద్దున పదకొండింటికి వచ్చిన ఫొటో కొట్టుది కాదు. పదిహేను వందలు. కొట్టబోతుంటే తెర మీద పేరు కనిపించింది, మానసిక వైద్యం చేసే ఒక క్లినిక్కు. ఫొటో కింద ఆమె ఒక వాక్యం రాసింది: "ఇది మన మధ్యనే ఉండనీ." సరేనన్నట్టు నేను బొటనవేలి బొమ్మ పంపాను. తర్వాతి శనివారం కూడా అదే సమయానికి అదే ఫొటో. నేను ఏమీ అడగలేదు. అడగనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ మెప్పు ఐదు వారాలు నిలిచింది. ఒకరోజు క్యాంటీన్లో నలుగురం భోజనం చేస్తున్నాం. ఆమె రాలేదు, మీటింగులో ఉంది. భీమవరం నుంచి వచ్చిన మా టీమ్ అమ్మాయి పెరుగన్నం కలుపుకుంటూ, "ఆవిడ శనివారం ఎక్కడికి పిలిచినా రారేంటండీ? మనతో కంపెనీ నచ్చదా ఏంటి?" అంది. అందులో కొంచెం చురక ఉంది. దానికి ఆమె తరఫున జవాబు చెప్పాలనిపించిందని ఆ తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసు. అది నా నాలుక చివర దురద పెడుతోంది.

"అట్లేం కాదబ్బా. పాపం, ఎవరో మానసిక వైద్యుడి దగ్గరికి పోతాంది ప్రతి శనివారం. ఎవురితో అనాకండి మళ్లీ" అన్నాను.

అందరూ అయ్యో అన్నారు. ఎవరితోనూ అననని మాటిచ్చారు. నేను బొటనవేలి బొమ్మతో ఇచ్చినట్టే వాళ్లూ ఇచ్చారు.

ఐదో నెల చివర ఆమెకి పోలీసు రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది. అద్దె అగ్రిమెంటు లేకపోయినా అడ్రసుకి కంపెనీ ఉత్తరం సరిపోతుందని ఆ బ్యాంకు ఆఫీసరే దారి చూపించాడు. బ్యాంకుకి వెళ్లాల్సిన రోజు నాకు జ్వరం, ఆమె ఒక్కతే వెళ్లి ఖాతా తెరుచుకుంది. తర్వాతి వారం ఆఫీసు కింద టీ కొట్టులో తన ఫోను పెట్టి స్కాన్ చేసింది. కొట్టులోని స్పీకరు డబ్బా ఇరవై రూపాయలు వచ్చాయని తెలుగులో గట్టిగా అరిచింది. ఆమె అక్కడే చిన్న గంతు వేసింది. నేను చప్పట్లు కొట్టాను. ఆ రోజుతో నా బ్యాంకు మూతపడింది, క్యాంటీన్లో అన్న మాట కూడా నాకు గుర్తులేకుండా పోయింది.

పదో నెలలో మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయనది వరంగల్ వైపు, మాట మెత్తన.

"కొత్త ప్రాజెక్టు లీడ్ ఆమెకే అనుకున్నం. పని చూస్తే ఆమెదే ఫస్ట్. కానీ ఆమె శనివారాలు మెంటల్ డాక్టర్ దగ్గరికి పోతదంట కదా? నువ్వే చెప్పినవని విన్న. క్లయింట్ ప్రెజర్ తట్టుకోకపోతే మనం పరేషాన్ అయితం. రిస్క్ ఎందుకు, ఈసారి నువ్వు తీస్కో."

ఆ గదిలో నేను అనదగిన మాటలు ఎన్నో ఉన్నాయి. తర్వాత మెట్రోలో, వంటింట్లో, స్నానాల గదిలో అవన్నీ వరుసగా గుర్తొచ్చాయి. డాక్టరు దగ్గరికి వెళ్తూనే ఆమె ఇన్నాళ్లూ మా అందరికంటే బాగా పనిచేసింది సార్, అనొచ్చు. ఆ మాట నేను చెప్పకూడనిది, నాదే తప్పు, అనొచ్చు. నా జీతం ఎంత పెరుగుతుందో లెక్క వేసుకుంటున్న మనిషి నోట్లోంచి అవేవీ రాలేదు. "థాంక్యూ సార్" అని వచ్చేశాను. సిగ్గులేని మాట అది, అయినా ఎంత మర్యాదగా అన్నానో.

ఆమె నన్ను కౌగిలించుకుని అభినందించింది. తర్వాత రెండు నెలలు తన పనంతా నాకు అప్పజెప్పింది. ఏ క్లయింటుకి ఏది చెబితే కోపమో కూడా రాసిచ్చింది. ఒకరోజు అడిగింది, "నీకు తెలిస్తే చెప్పు, నేను ఎక్కడ తక్కువయ్యాను?" పైవాళ్ల నిర్ణయం, మన చేతుల్లో ఏముంది, అన్నాను. తలాడించి మళ్లీ పని చెప్పడం మొదలుపెట్టింది. ఆమె కళ్లలోకి చూడలేక నోట్సు రాసుకుంటున్నట్టు నటించాను.

వెళ్లేముందు ఖాతా మూయించాలి, తోడు రమ్మంది. అదే బ్యాంకు, అదే ఆఫీసరు. "మూసుడెందుకు మేడమ్? వేరే తీరు ఖాతా కింద మారుస్త, దేశం బయటున్నా నడుస్తది. మళ్లొస్తే పనికొస్తది" అని ఆయన పాపం బతిమాలినట్టే చెప్పాడు. అది ఆమెకి నేను ఇంగ్లీషులో చెప్పాను. వద్దు, మళ్లీ వచ్చే పని లేదు, అంది ఆమె.

ఆయన తెర మీద చూస్తూ నన్ను అడిగాడు. "మీ పేరేందమ్మా?" చెప్పాను. "అనుకున్న. నామినీ మీరే. ఆమెకేమన్న అయితే ఈ పైసలు మీకే వచ్చేటట్టు రాసిపోయింది. ఇక్కడ చుట్టమెవరన్న ఉన్నరా అని అడిగితే మీ పేరే చెప్పింది, నాకు యాదికున్నది." కాగితాలు ప్రింటు తీసుకురావడానికి ఆయన లోపలికి వెళ్లాడు.

ఆయన ఏమన్నాడని ఆమె అడిగింది. నేను అది చెప్పలేదు. క్యాంటీన్ సంగతి చెప్పాను. మేనేజరు గదిలో జరిగింది చెప్పాను. లీడ్ నాకెందుకు వచ్చిందో చెప్పాను. ఆగి ఆగి చెప్పాను. ఆమె కోప్పడుతుందని, ఏడుస్తుందని, లేచి వెళ్లిపోతుందని అనుకున్నాను. ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసి తాగింది, మూత బిగించింది.

"ఆ రోజు నువ్వు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పు. నేను వినాలి" అంది.

ఇంతవరకు రాసినదాంట్లో కూడా నేను ఒకటి దాచాను. క్యాంటీన్లో వాళ్లు అయ్యో అన్నాక అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చూపు ఇంకాసేపు నా మీదే ఉండాలనిపించి ఇంకో మాట అన్నాను. "ఆయమ్మ డాక్టరు ఫీజు నా ఫోనులోంచే పోతాంది. పిచ్చి నాకని ఆడ రాసుకుంటారేమోబ్బా." ఆ మాటని ఇంగ్లీషులో, ఒక్కో ముక్కా, ఆమె మొహం చూస్తూ చెప్పాను.

"నవ్వారా?" అంది.

"నవ్వారు."

"నువ్వు?"

ఆఫీసరు కాగితాలు పట్టుకుని వస్తున్నాడు. "అందరికంటే ముందు నేనే నవ్వాను" అన్నాను.