అమ్మ పుస్తె మీద నిలిచిన పొర

మొన్న నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఫోనుకి ఒక బొమ్మ పంపింది. బంగారం మీద అణువులు నారు నాటినట్టు వరసలుగా నిలబడి ఉన్న బొమ్మ అది. చూస్తూ కూర్చుంటే తొంభైల తొలినాళ్ళ బిలాస్‌పూర్, మా రైల్వే క్వార్టరు, అమ్మ గుర్తుకొచ్చి ఆ పూట ఇంక ఏ పనీ చేయలేకపోయాను.

నాన్నగారు ఇంజను డ్రైవరు. నేను రసాయనశాస్త్రంలో పరిశోధనకు చేరిన ఏడాదే జబ్బుచేసి పోయారు. ఆయన స్థానంలో అన్నయ్యకు ఉద్యోగం రావడంతో క్వార్టరైతే నిలిచింది గానీ, అమ్మ మెడలోంచి తీసిన రెండు పుస్తెలూ పసుపుగుడ్డలో చుట్టుకుని దేవుడి గూట్లోకి చేరాయి.

మా గురువుగారు నాకిచ్చిన అంశం అప్పటికి కొత్తది. ఒక కొసన గంధకం, రెండో కొసన నూనె స్వభావం ఉన్న అణువులను స్పిరిటులో కలిపి, అందులో బంగారు రేకును ముంచితే, ఎవరూ సర్దకుండానే అవి గంధకం కొసతో బంగారాన్ని పట్టుకుని, ఒకదాని పక్కన ఒకటి కాస్త ఒరిగి, ఒకే ఒక్క అణువు మందాన పొరగా నిలుస్తాయి. తీరా బంగారం కొనడానికి డబ్బు మంజూరు కాలేదు, అంశం మార్చుకోమన్నారు. ఆ సాయంత్రం నా ఏడుపు చూసి, సంగతంతా విని, అమ్మ గూట్లోంచి ఒక పుస్తె తీసి నా చేతిలో పెట్టింది. నేను వద్దన్నాను.

"మీ నాయినుంటే ఏటంటాడే? పట్టికెళ్ళమనే అంటాడు. నాకింకోటి ఉన్నాది కదేటి," అంది.

కంసాలి దాన్ని శుద్ధిచేసి పలచటి రేకుగా సాగగొట్టాడు. మొదటిసారి ముంచి తీసి నీటిబొట్టు వేస్తే అది రేకంతా పరుచుకుపోయింది. నూనె కొసలు పైకి నిలిచి ఉంటే నీరు అంటకూడదు; పొర కుదరలేదన్నమాట. అమ్మ బంగారం పాడుచేశానేమో అనుకున్నాను. రేకును మంటలో కాల్చి, మసకంతా పోగొట్టి, మళ్ళీ ముంచి మర్నాటిదాకా ఉంచాను. ఈసారి అమ్మను కూడా ప్రయోగశాలకు వెంటబెట్టుకు వెళ్ళాను. ఆ ద్రావణం కంపుకి కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని నిలబడింది. నేను వేసిన బొట్టు గుండ్రంగా నిలిచి, రేకు వంచగానే తడి అంటకుండా జారిపోయింది.

అమ్మ రేకు మీదికి వంగి చూసింది. తరవాత మెల్లగా, "కంటికి అగుపడదు గానీ, ఉన్నాదన్నమాట," అంది.

పరిశోధన ముగిశాక రేకును కాల్చి శుభ్రంచేసి ఇస్తానంటే ఒప్పుకోలేదు. ఆ పొర గాలికి కొన్నాళ్ళకే చెడిపోతుందని చెప్పి చూశాను.

"ఉన్నన్నాళ్ళే ఉంటాది. నువ్వు తీసీయకే."

ఇప్పటి పిల్లలకు బంగారు పూత పూసిన గాజు పలకలు పెట్టెల్లో వస్తాయి. ఒకటి పాడైతే ఇంకొకటి తీసుకుంటారు, పని చకచకా సాగుతుంది, సంతోషమే. ఎవరి మెడలోంచి వచ్చిందో తెలిసిన బంగారాన్ని ముంచవలసిన రోజులు పోయాయి. పోవడమే మంచిదని మన కాలంవాళ్ళకు తెలియనిది కాదు. అయినా మనసు ఒక్కోసారి ఆ మాట ఒప్పుకోదు.