వంటింట్లో గట్టిపడిన సిమెంటు

1997 ఆగస్టులో నన్ను రాజమండ్రి బేస్ ఆఫీసు నుంచి అమలాపురం దిగువన వరిచేల మధ్య తవ్వుతున్న ఒక గ్యాసు బావి మీదికి సిమెంటింగ్ ఇంజనీరుగా పంపారు. అంతకు ముందు నాలుగేళ్ళు సీనియర్ల వెనక తిరిగినవాణ్ణే గాని, నా అంతట నేను సంతకం పెట్టే అధికారం రావడం అదే మొదటిసారి. అందుకోసం కొత్త పెన్ను కూడా కొనుక్కున్నాను. నవ్వకండి, ఆ వయసులో అంతే.

సిమెంటింగ్ అనగానే గోడలు కట్టే పని అనుకుంటారు. మా పెద్దమ్మయితే చివరిదాకా నన్ను తాపీమేస్త్రీల మీద ఆఫీసరుననే అనుకుంది. అసలు సంగతి ఇది. బావి కొంత లోతు తవ్వాక లోపలికి ఉక్కు గొట్టాలు దించుతారు, వాటిని కేసింగ్ అంటారు. ఆ కేసింగ్‌కీ చుట్టూ ఉన్న నేలకీ మధ్య సందు ఉంటుంది. అందులోకి సిమెంటు పాలు పంపు చేసి నింపడం మా పని. అది గట్టిపడితే గ్యాసు ఆ సందులోంచి పైకి రాదు. గట్టిపడేదాకా బావి తల మీద బీఓపీ అనే పెద్ద కవాటాల దొంతర బిగించి ఉంచుతారు. ఆ తర్వాతే బోల్టులు విప్పి, దాన్ని పైకెత్తి, మిగతా పని చేస్తారు. ఎత్తి ఉంచిన కాసేపూ ఆ సందుకి సిమెంటు తప్ప వేరే మూత ఉండదు.

మరి అంత లోతున గట్టిపడిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇన్ని గంటలు ఆగాలని ల్యాబ్ వాళ్ళు ముందే పరీక్షించి కాగితం ఇస్తారు. దానికి తోడు, పంపు చేసేటప్పుడు ఆ పాలు ఒక కప్పులో పట్టి షెడ్డు కిటికీ గట్టు మీద పెడతాం. భూమి లోపల వేడి ఎక్కువ కాబట్టి, పైన చల్లగా ఉన్న కప్పే గట్టిపడిందంటే కింద అంతకుముందే గట్టిపడి ఉంటుందని లెక్క.

ఆ రోజు ఉదయం ఆరింటికి పంపింగ్ ముగిసింది. కాగితం పన్నెండు గంటలు ఆగమంది. బీఓపీ విప్పడం మొదలయ్యేదాకా నేను అక్కణ్ణుంచి కదలడానికి లేదు. డ్యూటీ దిగేవాళ్ళని రాజమండ్రి తీసుకెళ్ళే బస్సేమో మధ్యాహ్నం రెండింటికి. ఆ సాయంత్రం పిఠాపురంలో నాకు పెళ్ళిచూపులు. అప్పటికే బావి పనుల పేరు చెప్పి రెండుసార్లు వాయిదా వేయించాను. ఈసారీ రాకపోతే వాళ్ళు వేరే సంబంధం చూసుకుంటారని మా మేనమామ ఫోనులో ఖండితంగా చెప్పేశాడు.

పదకొండున్నరకి షెడ్డుకి వెళ్ళి కప్పు చూశాను. రాయి! పెన్సిల్ మొన గుచ్చితే మొనే విరిగింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. గట్టిపడేటప్పుడు సిమెంటు తనంతట తానే వేడెక్కుతుంది, కాబట్టి ఆ వెచ్చదనం చూసి ఇంకా మురిసిపోయాను. పన్నెండు గంటల పని అయిదున్నర గంటల్లో ఎలా అయిందని నన్ను నేను అడగలేదు. బస్సు అందుతుందన్న సంతోషంలో ఉన్నాను మరి. రిజిస్టరులో ‘నమూనా గట్టిపడింది, బీఓపీ విప్పవచ్చు’ అని రాసి కొత్త పెన్నుతో సంతకం గీకాను.

రిగ్ మీద, అంటే బావి తవ్వేచోట, పనంతా నడిపించే అధికారిని టూల్ పుషర్ అంటారు. మా టూల్ పుషర్ వర్మ గారు, భీమవరం వైపు మనిషి, వయసులో నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. ఆయన రిజిస్టరు చూసి, “అప్పుడే అయిపోయిందాండి?” అన్నారు. రాయిలా ఉందని చెప్పాను. “సరే లెండి, భోంచేశాక విప్పిద్దాం” అని తన క్యాబిన్‌లోకి వెళ్ళిపోయారు. స్పానర్లు పట్టుకుని నలుగురు కార్మికులు బీఓపీ పక్కన కూర్చున్నారు. ఈయనకి ఇప్పుడే ఆకలెయ్యాలా అని నాకు ఒళ్ళు మండింది.

చేసేదిలేక నేనూ మెస్‌కి వెళ్ళాను. వంటాయన సత్తిబాబు, జంగారెడ్డిగూడెం వాడు. పప్పు వడ్డిస్తూ, “మీ కప్పు గట్టిపడిందాండి?” అని అడిగాడు. పడిందన్నాను. అతని మొహం వెలిగిపోయింది.

“పడదేంటండి మరి! పొద్దున్న జల్లు కొడుతుంటే తడిసిపోద్దని నేనే తెచ్చి పొయ్యి పక్కన పెట్టానండి. పప్పు ఉడికేలోగా బిగిసిపోయింది. ఇందాకే మళ్ళీ ఉన్నచోట పెట్టొచ్చాను. మీకు ఇయ్యాళ పెళ్ళిచూపులంట కదండీ!”

ముద్ద కంచంలో వదిలేశాను. ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. నిజం చెప్పొద్దూ, దారిలో ఒక్క క్షణం నా కాళ్ళు నెమ్మదించాయి. కింద నిజంగానే గట్టిపడి ఉంటుందేమో, నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. అంతలో బీఓపీ పక్కనున్న నలుగురిలో ఒకాయన నన్ను చూసి చెయ్యూపాడు. సిగ్గేసింది. మళ్ళీ పరుగందుకున్నాను.

“తప్పయిపోయిందండి, విప్పించకండి” అంటూ వర్మ గారికి జరిగిందంతా చెప్పాను. చెడామడా తిడతారనుకున్నాను. ఆయన కిటికీ తెరిచి, బయట గట్టు మీదున్న స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టారు. ఉదయం పంపు చేస్తుండగా ఆయనా కాస్త సిమెంటు పట్టి ఉంచారట. పెన్సిల్ పెడితే గడ్డపెరుగులో దిగినట్టు దిగింది.

“నేనెలాగూ విప్పించేవాణ్ణి కాదు లెండి. కానీ మీరు రాకపోయుంటే మీ సంతకం ఇంకెప్పుడూ నమ్మేవాణ్ణి కాదండి” అన్నారు. రిజిస్టరులో నేను రాసింది కనిపించేలా ఒకే ఒక్క అడ్డగీత కొట్టి, కింద కారణం రాయమన్నారు. పొయ్యి సంగతి కూడా రాయమన్నారు. రాశాను.

రెండింటికి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. రెండున్నరకి, మూసి ఉన్న బీఓపీ కింద ఒత్తిడి చూపే గేజి ముల్లు కదిలింది. మెల్లగా లేవసాగింది. ఇంకా బిగియని సిమెంటులోంచి గ్యాసు దారి చేసుకుంటోందన్నమాట. భోజనం కాగానే విప్పి ఉంటే ఆ వేళకి బీఓపీ గాల్లో ఉండేది, కింద ఆ నలుగురూ ఉండేవారు. స్పానర్లు పక్కన పెట్టి వాళ్ళూ గేజి వైపే చూస్తూ నిలబడ్డారు. ఇరవై నిమిషాలకి ముల్లు ఆగింది. సాయంత్రానికి గ్లాసులో సిమెంటు గట్టిపడింది. ఒత్తిడి వదిలి చూస్తే ముల్లు మళ్ళీ లేవలేదు. అయినా వర్మ గారు మర్నాడు ఉదయం దాకా బోల్టులు ముట్టుకోనివ్వలేదు.

పిఠాపురం సంబంధం తప్పిపోయింది. వాళ్ళని అనడానికేం లేదు. సత్తిబాబు మాత్రం మూడు రోజులు నా కంట పడకుండా తిరిగి, నాలుగోరోజు ఉప్మాలో జీడిపప్పు కాస్త ఎక్కువ వేసి తెచ్చాడు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇంతే. మనం కోరుకున్న ఫలితం మనం కోరుకున్న వేళకే వచ్చిందంటే, సంతకం పెట్టేముందు ఇంకోసారి చూడాలి. రిటైరయ్యేదాకా ప్రతి బావి దగ్గరా రెండు కప్పులు పట్టాను. ఒకటి అందరికీ కనిపించేలా కిటికీ గట్టు మీద పెట్టేవాణ్ణి. రెండోది ఎక్కడ పెట్టేవాణ్ణో ఎవరికీ చెప్పలేదు.