డ్రాకి ఒక్కడు చాలు

సొంత మైదానంలో మన ఫుట్‌బాల్ జట్టు ఆట డ్రా చేసుకుంటే ఆ తప్పు తనదేనని లాండ్రీ యజమాని నమ్మకం. నమ్మి ఊరుకునే రకం కాదు. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వీధిలో ఉన్న ముప్పై ఒక్క గుమ్మాలూ ఎక్కి క్షమాపణ చెప్పుకుని వచ్చేవాడు.

ఓడిపోతే మాత్రం ఇంట్లోంచి కదిలేవాడు కాదు. "ఓడిపోవాలంటే పదకొండుమంది కష్టపడాలి. డ్రాకి ఒక్కడు చాలు" అనేవాడు. గెలిస్తే ఆయనకేమీ సంబంధం లేదు. కుర్రాళ్లు బాగా ఆడారు, అంతే.

వీధి ఆయనకి ‘తప్పునాదే’ అని పేరు పెట్టింది. పెద్దలు తప్పునాదే గారు అనేవారు. పిల్లలు తప్పునాదే మావయ్య అనేవారు. పోస్ట్‌మ్యాన్ కూడా అసలు పేరు మర్చిపోయాడు.

నేరాలు రకరకాలు. ఒకసారి సాక్సు తిరగేసి తొడుక్కున్నాడు. ఒకసారి రెండో సగం మొదలయ్యే వేళకి ఇంకా మరుగుదొడ్డి వరసలోనే ఉన్నాడు. ఒకసారి, అన్నిటికన్నా ఘోరం, ఇంకా పావుగంట ఆట ఉండగానే "ఇంక గెలిచినట్టే" అని మనసులో అనుకున్నాడు. మర్నాడు గుమ్మంలో ఆ సంగతి విని రిటైరైన హెడ్మాస్టరు నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

మెట్ల పక్కింటి బామ్మ ఇంకో తీరు. తుమ్మానంటే చాలదు, ఆవిడకి వివరాలు కావాలి.

"ఎటు తిరిగి తుమ్మావు?"

"కుడి వైపండీ బామ్మగారూ."

"గోలెటుంది?"

"కుడివైపే."

"మరి చెయ్యి అడ్డం పెట్టుకోలేదూ?"

"పెట్టుకున్నానండీ. ఎడం చెయ్యి."

"అదీ సంగతి!" అని బామ్మ తలుపు వేసుకునేది. ఆ రోజంతా ఆవిడకి మనసు తేలిగ్గా ఉండేది.

ఇలాంటి తప్పునాదే ఇంట్లోకి బదిలీ మీద బామ్మర్ది దిగాడు. ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. రెండు బళ్లు గుద్దుకుంటే టేపు పట్టుకుని వెళ్లి, చక్రాల గుర్తులు కొలిచి, తప్పెవరిదో తేల్చడం ఆయన పని. ఆయన కాగితంలో మూడే గళ్లు. కారణం, ఆధారం, బాధ్యుడు. పదకొండేళ్లలో మూడో గడి ఒక్కసారి కూడా ఖాళీగా వదల్లేదు. ఇంట్లో కూడా అంతే. పాలు పొంగితే టేపు తీసేవాడు.

"ముందు పొయ్యి కట్టెయ్యరా. బాధ్యుణ్ణి తర్వాత పట్టుకుందువుగాని" అనేది అక్క.

తప్పెవరిదో తేల్చేవాడికి, తప్పంతా తనదే అనేవాడితో ఒకే కప్పు కింద కాపురం. సర్వేయరుకి అన్నం సహించలేదు.

"బావా, నువ్వెక్కడో గ్యాలరీలో తుమ్మితే నూటయాభై అడుగుల అవతల వాడి కాలెలా వంకరపోతుంది? మధ్యలో ఏముందని?"

"గాలి ఉంది."

"గాలే కదా!"

"తుమ్ముకి ఇంకేం కావాలి బామ్మర్దీ?"

ఇది మాటలతో తేలేది కాదని సర్వేయరుకి అర్థమైంది. ఆదివారం పెద్ద ఆట. గెలిస్తే జట్టు పై డివిజన్‌కి వెళ్లిపోతుంది. సర్వేయరు నోటుబుక్కు, స్టాప్‌వాచీ పట్టుకుని బావ వెంట మైదానానికి వెళ్లాడు. ఆట చూడ్డానికి కాదు. బావని చూడ్డానికి. మైదానానికి వీపు పెట్టి, బావకి ఎదురుగా, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

పన్నెండో నిమిషం: ఎడమ చెవి గోక్కున్నాడు. ఫలితం లేదు. ముప్పై ఒకటో నిమిషం: పక్కవాడి పొట్లంలోంచి వేరుశనగ కాయలు తిన్నాడు. ఫలితం: పక్కవాడు దూరం జరిగాడు. యాభై ఆరో నిమిషం: ఆవలింత, సగంలో ఆపుకున్నాడు. ఫలితం లేదు.

ఎనభై ఎనిమిదో నిమిషంలో మన జట్టుకి పెనాల్టీ వచ్చింది. స్కోరు సున్నా సున్నా. కొట్టడానికి ‘పొడుగు’ వచ్చాడు. వాడు వీధి పిల్లాడే. లాండ్రీలో ఊడిన బొత్తాలు కుట్టే గుండీలత్తయ్య కొడుకు. లాండ్రీ మీది గదిలోనే ఉంటారు తల్లీ కొడుకూ. వారమంతా లిఫ్టులు బాగుచేస్తాడు, ఆదివారం గోల్స్ కొడతాడు.

ఊరంతా లేచి నిలబడింది. సర్వేయరు కళ్లు బావ ముక్కు మీదే ఉన్నాయి. బావ చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. నోరు మూసి ఉంది. ముక్కుపుటాలు కూడా కదల్లేదు. వెనకనుంచి బూటు బంతికి తగిలిన చప్పుడు. ఆ తర్వాత లారీ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఒక పెద్ద నిట్టూర్పు.

ఏం జరిగిందో సర్వేయరు తర్వాత విన్నాడు. బంతి గోల్ మీదుగా వెళ్లింది. ప్రహరీ మీదుగా వెళ్లింది. బయట ఆగి ఉన్న బస్సు కిటికీలోంచి లోపలికి దూరింది. కండక్టరు రైట్ అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. రెండో స్టాపులో దిగిందని కొందరూ, చివరిదాకా వెళ్లిందని కొందరూ చెప్పుకున్నారు.

ఆట డ్రా. పై డివిజన్ సంగతి వచ్చే ఆదివారం జరిగే ఆఖరి ఆటకి వాయిదా పడింది.

గేటు దగ్గర జనం పొడుగు కోసం కాసుకుని ఉన్నారు. "బంతిని లిఫ్టనుకున్నావుట్రా, పైకి పంపావు!" అని ఒకడు. "రేపణ్ణించి బస్సు డిపోలో చేరు!" అని ఇంకొకడు. పొడుగు జెర్సీ విప్పి తలమీద కప్పుకుని నడుస్తున్నాడు. ఆరడుగుల మనిషి నాలుగడుగులయ్యాడు.

అప్పుడు బావ గేటు పక్క దిమ్మెక్కాడు.

"అయ్యా! ఎనభై ఎనిమిదో నిమిషంలో తుమ్మింది నేనే!"

జనం ఆగారు. తలలు ఇటు తిరిగాయి.

"మళ్లీ నువ్వేనా?"

"నేనే. తప్పు నాదే."

"నీ ముక్కు తగలెయ్య!" అని హెడ్మాస్టరు మొదలుపెట్టాడు. అక్కణ్ణించి ఇంటిదాకా జనం ఆయన్ని తిట్టుకుంటూ నడిచారు. బావ అందరికీ పేరుపేరునా సంజాయిషీ చెప్పుకుంటూ నడిచాడు. పొడుగు ఎప్పుడు పక్కసందులోకి తిరిగాడో ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక సర్వేయరు చిందులు తొక్కాడు. "నువ్వు తుమ్మలేదు బావా! నీ ముక్కు నా కళ్లెదురుగా ఉంది!"

"లోపల తుమ్మాను."

"లోపలేంటి?"

"బయటికి రాలేదు. అది మరీ ప్రమాదం."

సోమవారం పొద్దున గుండీలత్తయ్య కొడుకు జెర్సీ మడతపెట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఉతికి ఇస్త్రీ చేసి పెట్టండన్నయ్యా. క్లబ్బుకి తిరిగిచ్చేస్తాడట. ఇంక బంతి ముట్టుకోడట. గదిలోంచి రావట్లేదు, తిండి కూడా తలుపు కిందనుంచి పంపమంటున్నాడు."

"తలుపు కింద నుంచి ఏం వెడుతుందమ్మా?"

"బిస్కెట్లు."

బావ జెర్సీని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "మరక ఉంది. వారం పడుతుంది."

"మరకేదీ?" అన్నాడు పక్కనుంచి సర్వేయరు.

"కనిపించదు. కనిపించని మరకలతోనే చావు" అని బావ దాన్ని అన్నిటికన్నా పై అరలో పెట్టాడు.

సర్వేయరు రెండురోజులు కూర్చుని రిపోర్టు రాశాడు. మూడు పేజీలు, ఒక పటం. పటంలో బావ ముక్కు, గాలి వాలు, గోల్ ఉన్న దిక్కు, అన్నీ బాణం గుర్తులతో వేశాడు.

"ఎందుకురా నీకీ గోల?" అంది అక్క.

"వీధి వీధంతా నీ మొగుణ్ణి తిడుతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా అక్కా? ఆయన నిర్దోషి!"

"నాకు తెలీదుట్రా? దోషే అయితే అందరికన్నా ముందు నేనే తిట్టేదాన్ని" అని అక్క లోపలికి వెళ్లిపోయింది.

బావకి విషయం తెలిసి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చాడు. "చించెయ్యి బామ్మర్దీ."

"ఇది నిజం బావా!"

"నిజమే. కానీ ఉతక్కుండా బయటికి ఇచ్చే గుడ్డ కాదది."

సర్వేయరుకి ఆ మాట తలకెక్కలేదు. మంచితనం ముదిరి మొండితనమైందనుకున్నాడు.

బుధవారం సాయంత్రం లాండ్రీ కిటకిటలాడుతోంది. గుండీలత్తయ్య మూల కూర్చుని చొక్కాకి బొత్తాం కుడుతోంది. బామ్మ దుప్పటి కోసం వచ్చింది. హెడ్మాస్టరు కోటు కోసం వచ్చి, బావ ఆ కోటుకి ఇస్త్రీ చేస్తున్నంతసేపూ పాఠం చెప్తున్నాడు. "ముక్కు అదుపులో లేనివాడికి నాలుక అదుపులో ఉండదు. నాలుక అదుపులో లేనివాడికి..."

సర్వేయరు ఇక పట్టలేకపోయాడు. స్టూలెక్కాడు.

"ఆపండి మాస్టారూ! ఆరోజు మా బావ తుమ్మలేదు. నేను ప్రత్యక్ష సాక్షిని. తుమ్మలేదు, దగ్గలేదు, ఊపిరి కూడా పీల్చలేదు. ఇదిగో రిపోర్టు. కారణం: తుమ్ము కాదు. ఆధారం: మూడు పేజీలు, ఒక పటం. బాధ్యుడు..."

"ఆఁ, మరి బాధ్యుడెవరు?" అన్నాడు హెడ్మాస్టరు.

ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కొక్క తలా మెల్లగా పైకి లేచింది. అందరూ లాండ్రీ కప్పు వంక చూశారు. ఆ కప్పు మీది గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. గుండీలత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది.

సర్వేయరు కాగితం వంక చూసుకున్నాడు. మూడో గడిలో తన చేత్తోనే రాశాడు. ‘పెనాల్టీ కొట్టిన వ్యక్తి’. కాగితం మీంచి చూపు తీసి బావని చూశాడు. బావ ఇస్త్రీపెట్టె కోటు చేతిమీద పెట్టి అలాగే నిలబడిపోయాడు. వద్దని తల ఊపుతున్నాడు. కోటులోంచి సన్నగా పొగ లేస్తోంది. ముప్పై ఏళ్లలో ఆయన గుడ్డ కాల్చడం అదే మొదలు.

మెట్లమీద అడుగుల చప్పుడు. పొడుగు దిగివచ్చి ఆఖరి మెట్టు మీద నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. గడ్డానికి బిస్కెట్ పొడి అంటుకుని ఉంది.

"చెప్పవయ్యా. బాధ్యుడెవరు?" హెడ్మాస్టరు వదల్లేదు.

సర్వేయరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను."

"నువ్వా!"

"నేనే. ఊరంతా పెనాల్టీ చూస్తోంది. నేనొక్కణ్ణే చూడలేదు. మా బావ ముక్కు చూస్తూ కూర్చున్నాను. మైదానానికి వీపు పెట్టాను. కాలు మీద కాలు కూడా వేసుకున్నాను."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. తల్చుకుంటే ఆయనకే ఒళ్లు జలదరించింది.

"ఏ కాలి మీద ఏ కాలు?" అంది బామ్మ.

"ఎడమ కాలి మీద కుడికాలండీ."

"ఓరి నీ దుంపతెగ!"

పొడుగు జనాన్ని తోసుకుంటూ స్టూలు దగ్గరికి వచ్చాడు. సర్వేయరు స్టూలు మీద ఉన్నా ఇద్దరి మొహాలూ ఎదురెదురుగానే ఉన్నాయి.

"వీపు పెట్టారా?"

"పెట్టాను బాబూ."

"ఎంతసేపు?"

"తొంభై నిమిషాలూ."

"అదీ! బంతి దగ్గర నిలబడితే గ్యాలరీ నుంచి ఏదో తేడాగా కొట్టింది నాకు. గాలి అనుకున్నాను. గాలి కాదు, మీ వీపు!" పొడుగు మొహంలోకి మూడు రోజుల తర్వాత రక్తం వచ్చింది. గొంతు లేచింది. "చదువుకున్నవాళ్లు కదండీ! ఒక మనిషి అక్కడ ప్రాణం పెట్టి కొడుతుంటే వీపు చూపిస్తారా? మీకు అక్కాచెల్లెళ్లు లేరూ?"

"ఉంది. లోపలుంది."

"ఆవిణ్ణి చూసి ఊరుకుంటున్నాను. అమ్మా, నా బూట్లెక్కడ? ప్రాక్టీసుకి టైమైంది. జెర్సీ ఏది?"

బావ అప్పటికే పై అరలోంచి జెర్సీ తీసి పట్టుకుని ఉన్నాడు. "మరక ఇప్పుడే వదిలింది" అన్నాడు.

పొడుగు గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి వేలు చూపించాడు. "ఆదివారం మీరు గ్రౌండు ఛాయలకి కూడా రాకూడదు."

"రాను బాబూ" అన్నాడు సర్వేయరు. ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఆయన అంత సంతోషంగా తల ఊపలేదు.

జనం సర్దుకున్నాక బావ కాలిన కోటు తెచ్చి హెడ్మాస్టరు ముందు పెట్టాడు. "ఇది మాత్రం తప్పు నాదే మాస్టారూ."

"ఊరుకోవయ్యా, ప్రతిదానికీ నువ్వేనంటావు" అని హెడ్మాస్టరు సర్వేయరు వైపు అనుమానంగా చూసి, కోటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం అక్కా బావా మైదానానికి వెళ్లారు. గుండీలత్తయ్య వెళ్లింది. వీధి ఖాళీ అయింది. లాండ్రీలో సర్వేయరు ఒక్కడే బల్లమీద నిటారుగా కూర్చున్నాడు. రెండు పాదాలూ నేలకి ఆనించాడు. మొహం మైదానం వైపు పెట్టాడు. మధ్యలో గోడ ఉంది, మూడు వీధులున్నాయి. అయినా ఎందుకైనా మంచిదని కళ్లు ఆర్పడం తగ్గించాడు.

బామ్మ వచ్చింది. బుధవారం గొడవలో దుప్పటి మర్చిపోయిందట.

"ఇలా ఇవ్వు నాయనా, వెడతాను."

"లేవకూడదు బామ్మగారూ. ఇంకా ఆరు నిమిషాలుంది."

"స్కోరెంత?"

"తెలీదు. మీరు కూడా కూర్చోండి. అటు తిరిగి."

బామ్మ పక్కన కూర్చుంది. కాళ్లు నేలకి అందలేదు. సర్వేయరు నడుం కదపకుండా చెయ్యి చాపి, ఉతికిన గుడ్డల మూట ఒకటి లాగి ఆవిడ పాదాల కిందికి జరిపాడు. గోడ వంక చూస్తూ ఇద్దరూ కూర్చున్నారు.

ఉన్నట్టుండి మైదానం వైపు నుంచి అరుపు లేచింది. మూడు వీధులు దాటి వచ్చి లాండ్రీ అద్దాలకి కొట్టుకుంది. తాడు మీది హ్యాంగర్లన్నీ ఊగాయి.

"పొడుగే కొట్టుంటాడు. లేద్దామా?" అంది బామ్మ.

"రిఫరీ ఈల వినపడనివ్వండి."

బామ్మ ఈల కోసం చెవి దగ్గరికి చెయ్యెత్తబోయి, ఏదో అనుమానం వచ్చి సగంలో ఆపేసింది. ఈల వినపడేదాకా ఆ చెయ్యి అలా గాలిలోనే ఉంది.