నాలుగు వైపులా చూసే అక్క

నరసరావుపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో నా పక్క సీటు అక్కది. ఏ ఇల్లు మొదలుపెట్టినా ముందు కంప్యూటర్ తెరను నాలుగు భాగాలు చేసేది. పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి, మూలనుంచి ఒకే ఇంటిని ఒకేసారి చూసేది. నేను ఒక్క వైపే పెట్టుకుని గీస్తుంటే మండిపడేది. "ఒక్క వైపు చూసి నమ్మబాకే!" అని కసిరేది.

ఒకరోజు రెంటచింతల నుంచి ఒక మెకానిక్ భార్య తన ఇంటి ప్లాను కోసం వచ్చింది. మా సార్ ఆమెకు రంగులద్దిన ముందువైపు బొమ్మ మాత్రమే చూపించి, పని మొదలుపెడదామన్నాడు. అక్క విసురుగా వచ్చి తెరను నాలుగు చేసింది. పక్కనుంచి చూస్తే, మెట్లెక్కే మనిషి తల దూలానికి కొట్టుకునేలా ఉంది.

"మార్చమని నిన్ననే చెప్పాను గదా సార్!"

"మూసెయ్ అవన్నీ! వచ్చిన బేరం చెడగొడతావా?"

"పగిలేది మీ తల కాదుగా!" అక్క అరుపు వీధిలోకి వినిపించింది.

సార్ అక్కను అప్పటికప్పుడే పనిలోంచి పొమ్మన్నాడు. అక్క బ్యాగు భుజాన వేసుకుంది. మెకానిక్ భార్య కూడా లేచింది.

"పదమ్మాయ్, నా ఇల్లు నువ్వే గీద్దువుగాని."

వాళ్లిద్దరూ వెళ్లాక, తెరను మళ్లీ ఒకటిగా చెయ్యమని సార్ నన్ను గదమాయించాడు. నేను చెయ్యలేదు.