ఒక్కసారే నాటిన మడి

‘రిపీటెడ్ ట్రయల్స్’ అన్న రెండు మాటలు నావి. వాటిని ఇంకొకాయన థీసిస్‌లో చేర్చింది నేను. ఆ సంగతి చెప్పాల్సిన రోజున, చెప్పాల్సిన గదిలో నిలబడి కూడా నేను చెప్పలేదు. ఆ తర్వాత పదేళ్లకు పైగా చెప్పలేదు.

యాభైల చివర్లో బందరు కాలేజీలో ఇంగ్లీషు ట్యూటరుగా ఉండేవాణ్ని. సైన్సు నాకు ఒక్క ముక్క రాదు. అయినా సైన్సు వ్యాసాలు దిద్దడంలో ఊళ్లో నన్ను మించినవాడు లేడని పేరు. ఆ పేరు పుట్టించడంలో నా కృషే ఎక్కువ. లైబ్రరీకి వచ్చే విదేశీ పత్రికల్లోంచి పసందైన పదబంధాలు ఏరి ఒక లావుపాటి నోటుబుక్కులో రాసుకున్నాను. ‘ఇట్ ఈజ్ వెల్ నోన్ దట్’ ఎవరికీ తెలియని సంగతి చెప్పేటప్పుడు వాడాలి. ‘ఇట్ ఈజ్ ఎవిడెంట్ దట్’ రాసేవాడికే అనుమానం ఉన్నప్పుడు వాడాలి. ఇదీ నా పరిశోధన. ల్యాబుల్లో ప్రయోగాలు చేయించే డెమాన్‌స్ట్రేటర్లు ఆ నోటుబుక్కును పెళ్లికి వెండి కంచం అరువడిగినట్టు అడిగి పట్టుకెళ్లేవారు. తిరిగిస్తూ, “మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లమండీ!” అనేవారు. నేనూ అదే అనుకునేవాణ్ని.

వృక్షశాస్త్రంలో ఒక డెమాన్‌స్ట్రేటరు ఉండేవాడు. దివిసీమ మనిషి. చుట్టరికమేమీ లేకపోయినా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. అతనిది టెంపరరీ ఉద్యోగం. థీసిస్ గట్టెక్కితే లెక్చరరు, లేకపోతే వేసవి సెలవులతో సరి. ఆ థీసిస్ కోసం అతను వాళ్ల ఊళ్లో, సముద్రపు పోటుకు ఉప్పెక్కిన చేలో మూడు మడులు కట్టి, ఒకే వరి విత్తనం వేశాడు. రెండు మడులు మాడి చచ్చాయి. మూడోది పచ్చగా పండింది. మట్టి పరీక్ష చేస్తే మూడింటిలోనూ ఉప్పు ఒకటే. అతను తన ఇంగ్లీషులో రాసుకున్నది ఇది: “మూడో మడి ఎందుకు బతికిందో నాకు తెలియలేదు. మళ్లీ నాటి చూడాలి.”

చదివి నేను సిగ్గుపడ్డాను, అతని తరఫున. పరిశోధన చేసినవాడు తెలియలేదని రాస్తాడా? కాగితం మీద అంత బీదతనమా? వెంటనే కొట్టేసి నా నోటుబుక్కు తెరిచాను. మూడో మడిలోని వరి వేళ్లకు ఉప్పును తట్టుకునే గుణం ఉందన్నది స్పష్టమని, అది పలుమార్లు జరిపిన ప్రయోగాల్లో రుజువైందని రాశాను. వాక్యం ఎంత బాగా కుదిరిందంటే, పైకి రెండుసార్లు చదువుకున్నాను.

గుడివాడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో థీసిస్ టైపు చేయించాం. కాగితాలు తీసుకుని స్టేషన్‌లో బందరు బండి కోసం కూర్చున్నప్పుడు అతను ఆ పేజీ దగ్గర ఆగాడు.

“రిపీటెడ్ అంటే మళ్లీ మళ్లీ చేశాననా, బావా? నేను నాటింది ఒక్కసారే కదా.”

“శాస్త్రం రాసే పద్ధతి అది. శుభలేఖలో సకుటుంబ సపరివారంగా రమ్మంటాం. అందరూ దిగిపోతారా ఏంటి?”

“మరి తెలియదని రాశానే, అది ఉందా?”

“అదే ఇది. కాస్త మర్యాదగా చెప్పానంతే.”

అతను నవ్వి, “మీ ఇంగ్లీషోళ్ల మర్యాద మాకేం తెలుస్తుందిలే” అని సంతకం పెట్టాడు. నమ్మాడు. ఇంగ్లీషు మాస్టారిని నమ్మకపోతే ఎవర్ని నమ్ముతాడు?

యూనివర్సిటీ పంపిన పరీక్షకుడు బందరు వచ్చాడు. శాఖాధిపతి గదిలో మౌఖిక పరీక్ష. నేను శ్రేయోభిలాషిగా వరండాలో నిలబడ్డాను. కాసేపటికి లోపలికి పిలుపొచ్చింది. బల్ల మీద ఆ పేజీ తెరిచి ఉంది. ఆ పలుమార్ల ప్రయోగాల రికార్డులు చూపించమని పరీక్షకుడు అడిగాడట. అతని దగ్గర ఒక్క పంట రికార్డే ఉంది.

శాఖాధిపతి నా వైపు తిరిగారు. “ఏమయ్యా, ఇంగ్లీషు దిద్దింది నువ్వేగా? ఈ వాక్యం ఇతని కాగితాల్లో ఇలాగే ఉందా?”

బావ నా మొహంలోకి చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

“నేను భాష వరకే చూశానండీ. విషయమంతా ఆయనదే.”

వ్యాకరణ దోషం ఒక్కటీ లేని జవాబు. థీసిస్ తిరిగొచ్చింది. సెలవులతో అతని ఉద్యోగం పోయింది. దివిసీమలో ఒక హైస్కూల్లో చేరాడని విన్నాను. కాలేజీలో మాత్రం అతని పేరు నిలిచిపోయింది. ఎవరైనా కోతలు కోస్తే, “ఏంటండీ, రిపీటెడ్ ట్రయల్సా?” అనేవారు. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ని. కొన్నాళ్లకు నాకు లెక్చరరుగా ప్రమోషన్ కూడా వచ్చింది.

అరవైల చివర్లో కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు స్టాఫ్ రూములో నన్నడిగాడు. “చెయ్యని ప్రయోగాలు చేశానని రాసి దొరికిపోయాడట, ఆ దొంగ మీకు తెలుసాండీ?” అలవాటు కొద్దీ నవ్వబోయాను. ఈసారి నవ్వు రాలేదు. ఆ ఆదివారం అవనిగడ్డ బస్సెక్కాను.

అతను చేలోనే ఉన్నాడు. గట్టు మీద నిలబడి నేను మొదలుపెట్టాను: “అప్పట్లో కొన్ని పరిస్థితుల వల్ల, చిన్న అపార్థం జరిగినట్టుగా...”

“ఆపు బావా. తెలుగులో కూడా నీకు అదే జబ్బా?” అన్నాడు. “ఆ మాటకు అర్థమేంటో పరీక్షకుడే చెప్పాడుగా. నువ్వు మార్చావని అక్కడే తెలిసింది.”

“మరి ఎందుకు బయటపెట్టలేదు?”

“సంతకం నాది కదా. నువ్వే చెప్తావని చూశాను. చూశాను, చూశాను, జుట్టు నెరిసింది.” మడుల వైపు చూపించాడు. “ఆ తర్వాత రెండేళ్లు మళ్లీ నాటాను. మూడో మడి కూడా చచ్చింది. ఇలాంటిదేదో ఉండొచ్చనే అప్పుడు తెలియదని రాశాను.”

నేను గట్టు దిగి అతని దగ్గరికి వెళ్లాను.

“నాకు చెప్పి ఏం లాభం? నన్ను దొంగనుకుంటున్నది ఆ పెద్దాయన. ఆయనకి చెప్పు. నేనూ వస్తాను” అన్నాడు.

రిటైరైన శాఖాధిపతి బందరులోనే ఉంటున్నారు. మర్నాడు సాయంత్రం ఇద్దరం వెళ్లాం. ఆయన కూర్చోమన్నా నేను కూర్చోలేదు.

“అయ్యా, ఆ వాక్యం నేను రాశాను. ఈయన ఒక్కసారే నాటానని, ఎందుకు బతికిందో తెలియదని రాశాడు. నేను కొట్టేశాను. రైలు స్టేషన్‌లో అడిగితే ఈయనకి అబద్ధం చెప్పాను. ఆ గదిలో అడిగితే మీకు అబద్ధం చెప్పాను. ఈయన దొంగ కాడండీ, నేను దొంగని. రేపు కాలేజీలో కూడా ఇదే చెప్తాను.”

తర్వాత అతని వైపు తిరిగాను.

“నీ ఉద్యోగం తీశాను, పేరు తీశాను బావా. నన్ను క్షమించు.”