జగన్నాధం చేతికి చిక్కిన రాజ్‌దూత్

మా రాజాంలో పాత మోటారు సైకిళ్ళను కొత్తవి చేసే జగన్నాధానికి లోకంలో శుభ్రమైన వస్తువంటూ కనపడదు. మనకు అద్దంలా మెరిసే మడ్గార్డును ఎండకేసి తిప్పి, "ఇంకా ఉన్నాది" అంటాడు. ఏమున్నదని అడిగినవాడు ఉప్పుకాగితం మీద ఉపన్యాసం విన్నాకే ఇంటికి వెళ్ళాలి. కిందటేడు ఆయన భార్య ఈశ్వరి పాపం, ఇత్తడి బిందె తోమిపెట్టమంది. తోమాడు. ఇప్పుడు అందులో నీళ్ళు నిలవవు.

అలాంటి మహానుభావుడికి మా జోగయ్య మావ తన నలభయ్యేళ్ళ రాజ్‌దూత్‌ను అప్పగించాడు. అది బాగయితే మళ్ళీ తనే నడుపుకుంటూ పొలానికి వెళ్ళాలని ఆయన ఆశ. ప్రతి సోమవారం ఆయన్ని నా స్కూటరు మీద షెడ్డుకు తీసుకొచ్చే భాగ్యం నాది.

మొదటి నెలంతా మరలు కిరసనాయిల్లో నానాయి. రెండో నెల చక్రం పుల్లలకు ఒక్కొక్కదానికీ విడివిడిగా తలంటు జరిగింది. మూడో నెల టేంకుకు నల్లరంగు వేశాడు, గీకేశాడు, మళ్ళీ వేశాడు. నాలుగో నెలకు బండి తళతళలాడుతూ నిలబడింది.

"ఇచ్చీరా జగ్గా," అన్నాడు మావ.

"మచ్చున్నాది మావా."

"ఎక్కడ్రా?"

"నువ్వే సూపించు. సూపించిన రోజున బండి పట్టుకెల్లు."

మావ టేంకుకు ముక్కు ఆనించి చూశాడు. "నున్నగున్నాది కదేటి?"

"అయితే పనవనేదు."

మూడు వారాలు ఇదే భాగోతం. టేంకు మీది పసుపు గీతలో బ్రష్షు వెంట్రుక ఒకటి అతుక్కుపోయి నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. చెప్పబోతే జగన్నాధం నా కాలు తొక్కాడు. ఇంతటి పనివాడూ తన తప్పు దిద్దుకోలేక మావను తిప్పించుకుంటున్నాడని లోపల తిట్టుకుంటూనే తెగ సంతోషించాను.

మావకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషనుకు ఆయన భార్య అసిరమ్మత్త ఏడాదిగా బతిమాలుతుంటే, "నా సూపుకేటయింది?" అని కసురుకునేవాడు. చివరికి, "ఆ జగ్గాడు సెప్పే మచ్చేటో సూసి, ఆడి నోరు మూయిస్తాను," అంటూ పౌరుషంగా శ్రీకాకుళం వెళ్ళి ఆపరేషను చేయించుకున్నాడు.

నెల తర్వాత షెడ్డుకొచ్చి నల్లద్దాలు తీశాడు. పసుపు గీత మీద ఆయన వేలు ఆగింది.

"ఒరే, ఇదేటి? యెంట్రుక కాదేటి?"

జగన్నాధం జేబులోంచి బండి తాళం తీసి మావ చేతిలో పెట్టాడు. "బండెప్పుడో అయిపోనాది మావా. నీ సూపు కోసం ఆగినాను. ఆ యెంట్రుక నానే అతికించినాను."

మచ్చ కనపడితే అన్నం సహించని మనిషి, దాన్ని రోజూ చూస్తూ దాదాపు రెండు నెలలు ఓర్చుకున్నాడు. ఇన్నాళ్ళూ తిట్టుకున్నందుకు సిగ్గేసింది, ఆయన మీద ప్రేమా పుట్టింది. ఆ మాట చెప్పేలోగా మావ తాళం తిరిగి ఇచ్చేశాడు.

"అది తీసి గీత మల్లీ గియ్యి. మచ్చున్న బండి నానెక్కను. సోమారం వస్తాం."

జగన్నాధం జీవితంలో మొదటిసారి బతిమాలుకున్నాడు. "అంత సిన్నది ఎవులికి కనపడతాది మావా?"

"నాకు కనపడతన్నాది," అన్నాడు మావ.