మామను కూర్చోబెట్టిన బండ

పిల్లనడగడానికి గుట్టెక్కి, పిల్ల తండ్రి ప్రాణం మీదికి తెచ్చిన ఘనుణ్ణి నేను. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. నడుమ ఊపిరాడదు.

డెబ్బైల మాట. గోదావరిఖనిలో బొగ్గుబాయి పనిలో కొత్తగా చేరాను. మేనమామ మల్లయ్య కూతురు రాజవ్వంటే నాకు ప్రాణం. మామకేమో బాయి అంటే హడల్.

"పైకప్పు ఎప్పుడు కూల్తదో ఎవలకెరుక? నా బిడ్డ బతుకు ఆగం గావద్దు. నీకు పిల్లనియ్య" అని తేల్చేశాడు. వేరే సంబంధంవాళ్ళు హోళి కాగానే చూడ్డానికి వస్తున్నారు కూడా!

హోళి రంగుకు మోదుగుపూలు కావాలని మామ రామగిరి గుట్టకు బయలుదేరితే, బతిమాలి వెంటపడ్డాను. దిగేలోపు ఆయన మనసు మారాలి. లేదంటే రాజవ్వ ఇంకొకరి ఇంటి కోడలు.

నిట్టనిలువు దారి. చుట్టూ ఆకు కనబడకుండా పూసిన మోదుగులు. కాలు జారితే మంథని దాకా దొర్లడమే. సగం ఎక్కాక మామ ఆయాసపడుతూ ఒక పెద్ద బండ చూరు కింద కూర్చోబోయాడు.

"ఆగు మామా! బాయిల మేం కప్పును కట్టెతోని కొట్టి సూడంది కింద కూసోం."

"గిది బాయి కాదుర!"

"ఏడైనా గంతే. గణగణమంటె గట్టిది, బోలుగ మోగితె ఊడేది."

కర్రతో కొట్టాను. గణగణమంది. మామ కళ్ళలో మొదటిసారి మెచ్చుకోలు కనిపించింది.

"రోజూ గిట్లనే సూస్తరా?"

"సూడంది అడుగెయ్యం. కూసో మామా, నాది పూచీ."

కూర్చున్నాడు. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. చీకటి మూలలోకి ఇంకో దెబ్బ వేశాను. మెత్తగా తగిలింది. బండ మెత్తగా ఉంటుందా, మీరే చెప్పండి!

"అల్లుడా, గా సప్పుడేంది?"

"గట్టి బండకు గట్లనే అయితది మామా..."

"ఓరి నీ! తేనెటీగలు రో!"

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. నాకు ఆ వేళ నా కాళ్ళే అందాయి. గుట్ట కిందికొచ్చి వెనక్కి చూస్తే మామ లేడు!

"మామా!" అని అరిచాను. పైకి పోతే ఈగలు, పోకపోతే మామ. ఏడుస్తూ మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాను. పూలకని తెచ్చిన దుప్పటి ముసుగేసుకుని పొదల్లోంచి ఒక ఆకారం దిగింది. ముఖం గుమ్మడికాయంత అయింది. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

"తప్పయింది మామా! పిల్లనియ్యకున్నా మంచిదే, జల్ది దవాఖానకు పోదాం పా!"

"ఇస్తర."

"ఏంది?"

"పిల్లను" అన్నాడు వాచిన మూతితో. "కప్పు కూలితె నువ్వెట్ల అని ఇన్నొద్దులు ఫికర్ పడ్డ. ఇయ్యాల సూసిన గద! ఎవలెట్ల పోయినా, అందరికన్న ముందు నువ్వే బయటపడ్తవు. నా బిడ్డ పుస్తెకు ఢోకా లేదు."

పెళ్ళిపీటల మీదే దేవుడి సాక్షిగా ఒట్టేసుకున్నాను: మామ కూర్చున్న చోట, అది బండైనా సరే, మంచమైనా సరే, కర్ర పెట్టి తట్టను గాక తట్టను.